గడప లోపలి నవ్వు: మునిమాణిక్యం హాస్యరచనలో భర్త పెత్తనం, భార్య మాటకారితనం

తెలుగు హాస్యవ్యాసం అనగానే పానుగంటి లక్ష్మీనరసింహారావు ‘సాక్షి’ ముందు గుర్తుకొస్తుంది. ఇంగ్లీషు ‘స్పెక్టేటర్’ వ్యాసాల వరవడిలో నడిచిన సాక్షి సంఘానికి సభలు, ఉపన్యాసాలు, లోకాచారాలు ముడిసరుకు. ఆ సంఘంలోని వక్త జంఘాలశాస్త్రి నిలబడి మాట్లాడతాడు, లోకం కూర్చుని వింటుంది. ఆ నవ్వును వంటింటి దాకా తెచ్చి, మాట్లాడే హక్కును ఇల్లాలికి అప్పగించిన రచయిత మునిమాణిక్యం నరసింహారావు. ఆయన రచనను సంసారపక్ష హాస్యమని మెచ్చుకుని అంతటితో వదిలేయడం మన విమర్శకు అలవాటైంది. భర్త పెత్తనాన్ని భర్త నోటితోనే నవ్వులపాలు చేయించడం ఆయన రచనాపద్ధతికి ఆయువుపట్టు అనీ, ఆ పద్ధతిని కృష్ణా డెల్టా స్త్రీల మాటకారితనంతో కలిపి చదవాలనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

జీవితం, పరిసరాలు

మునిమాణిక్యం 1898 మార్చి 15న తెనాలి దగ్గరి సంగం జాగర్లమూడిలో పుట్టారు. గుంటూరు ఆంధ్ర క్రైస్తవ కళాశాలలో బి.ఎ. చదివి, రాజమండ్రిలో ఉపాధ్యాయ శిక్షణ పొంది, బందరుతో పాటు పలుచోట్ల చరిత్ర పాఠాలు చెప్పారు. తరువాత ఆకాశవాణిలో విద్యావిషయక కార్యక్రమాలు రూపొందించారు. 1973 ఫిబ్రవరి 4న కన్నుమూశారు.

ఆ కాలపు బందరులో హాస్యానికి పత్రికల అండ ఉంది. 1902లో మొదలైన కృష్ణాపత్రికకు ముట్నూరి కృష్ణారావు 1907 నుంచి 1945లో మరణించేవరకు సంపాదకులు. గంభీరమైన సంపాదకీయాలకు పేరుపడ్డ ఆ పత్రికలోనే రావూరు వెంకట సత్యనారాయణరావు ‘వడగళ్ళు’ శీర్షిక నడిపారు. రావూరు చురకలు నలుగురిలో నడిచే వ్యవహారాలమీద పడ్డాయి. మునిమాణిక్యం ఇంటి వ్యవహారాన్ని పట్టుకున్నారు.

కథకుడే నవ్వుకు గురి

మునిమాణిక్యం సృష్టించిన ఇల్లాలు కాంతం. ఆమె చుట్టూ అల్లిన రచనల్లో కథ చెప్పేది భర్త. చదువుకున్నవాడు, బడిపంతులు, తన మాట ఇంట్లో చెల్లాలని గట్టిగా నమ్మినవాడు. కథ చాలాసార్లు అతని నిర్ణయంతోనో అలకతోనో మొదలవుతుంది. కాంతం ఎదురుతిరిగి కేకలు వేయదు. అతను అన్న మాటనే అందుకుని, కొంచెం సాగదీసి, మెలితిప్పి తిరిగి అప్పజెబుతుంది. అతని తర్కం అక్కడితో కూలిపోతుంది. ముఖ్యమైన సంగతి ఏమిటంటే, ఓడిన వాడే ఈ కథ మనకు చెబుతున్నాడు. తన ఓటమిని దాచుకోకుండా, ఆమె మాటలోని అందాన్ని తానే ముందు మెచ్చుకుని చెబుతున్నాడు.

ఈ ఏర్పాటులో రెండు ప్రయోజనాలున్నాయి. కథనం భర్త చేతిలో ఉన్నా గెలుపు భార్య చేతిలో ఉంటుంది. నవ్వే పాఠకుడు, అతను గృహస్థుడైతే, తన పెత్తనాన్నీ అందులో చూసుకోక తప్పదు. ‘కాంతం కైఫీయతు’ అన్న పేరే గమనించదగ్గది. కచేరీలో వాఙ్మూలంలాగా ఆమె పక్షాన్ని కూడా నమోదు చేయాలన్న ఆలోచన ఆ పేరులోనే ఉంది. ‘కాంతం వృద్ధాప్యం’ దాకా ఆ పాత్రను వెంట తీసుకెళ్లడం వల్ల ఆమె సరదా బొమ్మగా మిగలకుండా వయసుతో పాటు మారే మనిషిగా నిలిచింది.

నాట్యశాస్త్రం నవ్వును స్మితం నుంచి అతిహసితం వరకు ఆరు రకాలుగా విభజించి, మొదటి రెంటిని ఉత్తమ ప్రకృతులకు చెప్పింది. మునిమాణిక్యం నవ్వు స్మిత హసితాల మేర దాటదు. వికారమైన రూపాలు, వెర్రిబాగుల సేవకులు, నత్తి మాటలు ఆయనకు అవసరపడలేదు. ‘తెలుగు హాస్యం’, ‘మన హాస్యం’ అనే పుస్తకాలు రాసి, తాను సాధన చేసిన రసాన్ని తానే పరిశీలించిన అరుదైన రచయిత ఆయన.

ప్రాంతపు మాటకారితనం

కాంతానికి పూర్వరంగం కృష్ణా డెల్టా ఊళ్లలోనే దొరుకుతుంది. దివిసీమలోని అవనిగడ్డ నుంచి మొవ్వ, కూచిపూడి ఎంతో దూరం కాదు. కూచిపూడి భామాకలాపంలో మాధవి సత్యభామను మొగుడి పేరు చెప్పమని నిలదీస్తుంది. పేరు పలకడానికి సిగ్గు, పలకకపోతే పని జరగదు. ఆ ఇరకాటంలో నడిచే సంభాషణే ప్రేక్షకులను నవ్విస్తుంది. అదే సరదా మన పెళ్లిళ్లలోనూ ఉంది: కొత్త దంపతులు గడప దాటబోతుంటే ఆడపడుచులు తలుపుకు అడ్డం నిలబడి పేర్లు చెప్పిస్తారు. వియ్యపురాళ్లను ఎత్తిపొడిచే పాటలూ ఈ కోవలోనివే. మొవ్వ పేరుతో ముడిపడిన క్షేత్రయ్య పదాల్లోనూ నాయిక ప్రియుణ్ని దెప్పుతుంది, నిలదీస్తుంది.

దెప్పడం, ఎత్తిపొడవడం, మేలమాడడం ఈ నేలమీద స్త్రీలు తరతరాలుగా సానబెట్టుకున్న విద్యలు. మునిమాణిక్యం వీటిని నేరుగా ఆధారం చేసుకున్నారని చెప్పడం నా ఉద్దేశం కాదు. ఆయన పాఠకుల చెవికి ఆ పలుకుబడి ముందే అలవాటై ఉందనీ, అందుకే కాంతం వాళ్లకు కొత్త మనిషిగా తోచలేదనీ చెప్పవచ్చు.

గుజరాతీ పోలిక

తన్ను తానే నవ్వుకు గురి చేసుకునే పద్ధతి మరో భాషలోనూ కనిపిస్తుంది. దాదాపు ఇదే కాలంలో సూరత్‌లో పుట్టిన జ్యోతీంద్ర దవే (1901–1980) గుజరాతీ హాస్యవ్యాసానికి పెద్ద దిక్కయ్యారు. తన బక్కపలచని ఒంటినీ, బలహీనతలనూ ఆయన వ్యాసవస్తువులుగా చేసుకున్నారు. ధనసుఖ్‌లాల్ మెహతాతో కలిసి రాసిన ‘అమే బధా’ సూరత్ జీవితాన్ని చిత్రించింది. ఇద్దరూ అధ్యాపకులే, ఇద్దరివీ ఓడరేవు పట్టణాలతో ముడిపడిన జీవితాలే. ఎదుటివాణ్ని గాయపరచకుండా తమ్ము తామే ముందు నిలబెట్టుకోవడం ఇద్దరికీ ఉమ్మడి. తేడా ఒక్కచోట స్పష్టంగా కనిపిస్తుంది. దవే వ్యాసంలో ‘నేను’ తన లోపాన్ని తానే కనిపెట్టి చెబుతాడు. మునిమాణిక్యం ‘నేను’కు ఆ లోపాన్ని చూపించడానికి కాంతం కావాలి. అందువల్ల తెలుగు రచనలో ఆత్మహాస్యం భార్యాభర్తల మధ్య సంభాషణ అయింది.

పరిమితులు

కాంతం మాటల్లో గెలుస్తుంది. గెలిచాక పొయ్యి దగ్గరికే వెళుతుంది. జీతం, ఆస్తి, ఇంటిపని పంపకం ఈ నవ్వుకు అందవు. పొలంలో నాట్లు వేసే స్త్రీల సంసారం ఇందులో కనపడదు. మధ్యతరగతి ఉద్యోగి లోగిలే ఈ రచనల సరిహద్దు. అదే కాలంలో చలం వివాహవ్యవస్థనే బోనెక్కించారు. ‘మైదానం’ రాజేశ్వరి ఇల్లు విడిచి వెళ్లింది. దాని పక్కన పెట్టి చూస్తే కాంతం దాంపత్యం సర్దుబాటుగానే కనిపిస్తుంది. అయితే ఇల్లు విడవని కోట్లమంది స్త్రీలకు ఇంట్లోనే మాట చెల్లుబడి కావాలన్నది కూడా న్యాయమైన కోరికే. ఆ కోరికకు సాహిత్యంలో గౌరవం సంపాదించి పెట్టినందుకు మునిమాణిక్యం రచన విలువైనది.

ముగింపు

ఈ పరిశీలన రెండు పనులను సూచిస్తుంది. కాంతం రచనలను భార్యాభర్తల సంభాషణల వారీగా విడదీసి, ఎవరు మొదలుపెడతారు, చివరిమాట ఎవరిది అన్నది క్రమపద్ధతిలో అధ్యయనం చేయాలి. దివిసీమ, బందరు, గుడివాడ ప్రాంతాల పెద్దవయసు స్త్రీల ఎత్తిపొడుపు మాటలనూ పెళ్లిపాటలనూ వాళ్లు ఉండగానే ధ్వనిముద్రణ చేయాలి. ఆ సామగ్రి చేతికొస్తే తెలుగు హాస్య చరిత్రలో స్త్రీలను నవ్వుకు వస్తువులుగా కాక నవ్వును సృష్టించినవాళ్లుగా లెక్కించడం సాధ్యమవుతుంది.