కారు కిటికీ కథ: హ్యాండిల్ నుండి బటన్ దాకా

మన సభ్యులలో చాలామందికి ఉద్యోగ కాలంలో వాహనం అంటే ఆఫీసు జీపే. దానికి పక్క అద్దాలు ఉండేవి కావు, కాన్వాసు పరదాలే. రెంటచింతల వైపు వడగాలి, నల్లరేగడి దారుల దుమ్ము, గుంటూరు మిరప యార్డు దగ్గరి ఘాటు నేరుగా ముఖానికే తగిలేవి. పై అధికారులకు అంబాసిడర్ ఉండేది. బ్రిటన్‌లోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నమూనాతో హిందుస్థాన్ మోటార్స్ వారు 1950ల చివరి నుండి 2014 వరకు తయారుచేసిన కారు ఇది. అందులో అద్దం దించాలంటే చేత్తో హ్యాండిల్ తిప్పవలసిందే. 1983 డిసెంబరులో వచ్చిన మారుతీ 800 లోనూ అదే పద్ధతి.

అమెరికాలో 1940 లోనే ప్యాకార్డ్ కంపెనీ ఖరీదైన కార్లలో ద్రవపు ఒత్తిడితో అద్దాలు లేపే ఏర్పాటు చేసింది. తరువాత ఆ పనికి చిన్న విద్యుత్ మోటారు వచ్చింది. మన దేశంలో 1991 ఆర్థిక సంస్కరణల అనంతరం కొత్త కంపెనీలు వచ్చాక బటన్ అద్దాలు మొదట ఖరీదైన కార్లలోను, క్రమంగా చిన్న కార్లలోను వ్యాపించాయి.

బటన్ సుఖమే గాని, మన పత్తి, మిరప నేలల దుమ్ము దానికి శత్రువు. అద్దం జారే రబ్బరు గాడిలో దుమ్ము పేరుకుంటే అద్దం బరువెక్కుతుంది, మోటారు శ్రమపడుతుంది. గాడిని తుడిచి సిలికాన్ స్ప్రే కొట్టాలి. మామూలు నూనె పూస్తే దుమ్ము మరింత అంటుతుంది.

అద్దం కదలకపోతే మెకానిక్ దగ్గరకు పోయేముందు కొన్ని సంగతులు చూసుకోవచ్చు. అన్ని అద్దాలూ ఆగితే ముందు ఫ్యూజు చూడాలి. వెనుక సీటు బటన్లు మాత్రమే పనిచేయకపోతే డ్రైవరు దగ్గరి లాక్ బటన్ నొక్కి ఉందేమో చూడాలి. ఒక్క అద్దమే ఆగి, బటన్ నొక్కినప్పుడు లోపలి దీపం కాస్త మసకబారితే కరెంటు మోటారుకు చేరుతోందని, అద్దమో మోటారో బిగిసిందని గుర్తు. మోటారు తిరిగే చప్పుడు వస్తూ అద్దం కదలకపోతే, దానిని లాగే తీగ తెగి ఉంటుంది. ఏ అలికిడీ లేకపోతే బటన్‌ను, తలుపు మడతలో వంగి వంగి తెగే వైర్లను పరీక్షించాలి.

వెనుక అద్దం మీది సన్నని అడ్డగీతలు అలంకారం కావు. అవి చలిదేశాల్లో మంచు కరిగించడానికి పుట్టిన విద్యుత్ తీగలు. మనకు వానాకాలంలో, పుష్యమాసపు పొగమంచులో అద్దం మీది చెమ్మను ఆరబెడతాయి. ఒక్క గీత దగ్గరే చెమ్మ పోకపోతే ఆ గీత ఎక్కడో తెగిందన్నమాట. దానిని విద్యుత్ ప్రసరించే ప్రత్యేకమైన రంగుతో అతకవచ్చు. ఎండ కోసం మనవారు విరివిగా అంటించుకున్న నల్ల ఫిల్ములను 2012 ఏప్రిల్ 27 న సుప్రీంకోర్టు నిషేధించింది. అలాంటి ఫిల్మును వెనుక అద్దం నుండి బలంగా పీకితే గీతలు కూడా లేచి వస్తాయి. బ్లేడుతో గీకడం అంతకన్నా చేటు.

ఇక అసలు విషయం. బ్యాటరీ చచ్చినా పాత హ్యాండిల్ తిరిగేది. బటన్‌కు తాళం, కరెంటు రెండూ కావాలి. 2025 మే నెలలో విజయనగరం జిల్లా ద్వారపూడిలో, ఆగి ఉన్న కారులోకి ఆడుకుంటూ ఎక్కిన నలుగురు పిల్లలు బయటికి రాలేక ప్రాణాలు కోల్పోయారు. మన ఇళ్ళలో సెలవులకు వచ్చే మనవలు ఉంటారు. కారు ఆపగానే తాళం వేసి, తాళంచెవి పిల్లలకు అందకుండా పెట్టడం తాతల బాధ్యత. అద్దం ఎత్తేటప్పుడు పిల్లల చేతులు, తలలు బయట లేవని చూసుకోవాలి.

వాగు పొంగి చప్టా మీద పారుతుంటే కారు దించనే కూడదు. పొరపాటున కారు నీటిలో పడితే, కరెంటు ఉండగానే వెంటనే అద్దం దించి బయటపడాలి. అది కుదరకపోతే పక్క అద్దం మూలన మొనదేలిన సుత్తితో కొట్టాలి. ముందు అద్దం పొరలుగా అతికించినది, త్వరగా పగిలి దారి ఇవ్వదు. సీటు పక్కన ఒక చిన్న సుత్తి ఉంచుకోవడం పెద్ద ఖర్చేమీ కాదు.