లోతట్టు రాజ్యం, సముద్ర న్యాయం: కుసుమంచి గణపేశ్వరం నుంచి మోటుపల్లి అభయశాసనం దాకా

ఖమ్మం నుంచి సూర్యాపేట వెళ్ళే దారిలో ఉన్న కుసుమంచిలో కాకతీయుల కాలపు శివాలయాలు రెండు ఉన్నాయి. ఒకటి ముక్కంటీశ్వరాలయం, రెండోది గణపేశ్వరాలయం. రెండోదాని పేరు కాకతీయ గణపతిదేవుణ్ణి (1199–1262) తలపిస్తుంది. చుట్టూ పాలేరు జలాశయం, సాగర్ ఎడమ కాలువ ఆయకట్టు, గ్రానైట్ గుట్టలు. సముద్రం చూడాలంటే కృష్ణా డెల్టా దాటి పోవాలి. అయినా సముద్ర న్యాయ చరిత్రను ఇక్కడి నుంచి మొదలుపెట్టడానికి బలమైన కారణమే ఉంది. గణపేశ్వరం అనే పేరుతోనే ఇంకో గుడి కృష్ణా ముఖద్వారంలోని దివిసీమలో ఉంది. గణపతిదేవుని సేనాని జాయప శక సంవత్సరం 1153లో, అంటే క్రీ.శ. 1231లో, దాన్ని కట్టించి తన రాజు పేరు పెట్టాడు. దివిని పాలించిన అయ్య వంశం కాకతీయులకు లొంగిపోయి, వారితో వియ్యమందింది. అప్పటి నుంచి ఓరుగల్లు రాజ్యానికి ఒక తీరం, ఆ తీరంతో పాటు ఒక బాధ్యత వచ్చాయి.

ఆ బాధ్యతను గణపతిదేవుడు ఎలా అర్థం చేసుకున్నాడో చెప్పే రాతి ఆధారం మోటుపల్లిలో ఉంది. నేటి బాపట్ల జిల్లా చినగంజాం మండలంలోని ఈ ఊరి వీరభద్రాలయంలో ఒక స్తంభం మీద శక 1166 (1244–45) నాటి అభయశాసనం చెక్కి ఉంది. శాసన పరిశోధకుడు హుల్ట్జ్ దీన్ని ఎపిగ్రాఫియా ఇండికా పన్నెండో సంపుటంలో పరిష్కరించి ప్రకటించాడు. చరిత్రకారులు దీన్ని ఎక్కువగా వాణిజ్య పత్రంగా చదివారు. చందనం, కర్పూరం, ముత్యాలు, పన్నీరు, దంతం, పగడాలు, పట్టు, మిరియాలు, పోకల మీద సుంకాల పట్టిక చూసి ఆనాటి సరుకుల జాబితా రాసుకున్నారు. న్యాయశాస్త్ర పత్రంగా చదివినవాళ్ళు తక్కువ. నా దృష్టిలో దాని అసలు విలువ అక్కడే ఉంది.

శాసనం చెప్పే సంగతి ఇది. ఒక దేశం నుంచి ఇంకో దేశానికి బయలుదేరిన ఓడ తుఫానుకు చిక్కి, పగిలి, ఒడ్డున పడితే అందులోని బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు అన్నిటినీ పూర్వపు రాజులు బలవంతంగా తీసుకునేవారు. ధనాన్ని ప్రాణం కంటే మిన్నగా ఎంచి సముద్రయానమనే సాహసానికి పూనుకున్న వర్తకుల నుంచి తాను నిర్ణీత సుంకం తప్ప మరేమీ తీసుకోనని గణపతిదేవుడు ప్రకటించాడు. ఆ సుంకం ఎగుమతుల మీదైనా దిగుమతుల మీదైనా ముప్పయ్యో వంతు.

న్యాయభాషలో చెప్పాలంటే ఇందులో మూడు అంశాలున్నాయి. పాత ఆచారం ఒకటి ఉండేదని పాలకుడే ఒప్పుకుంటున్నాడు. ఆ ఆచారం తనకిచ్చిన హక్కును తానే వదులుకుంటున్నాడు. ఆ మాటను తన ప్రజలకు కాక అన్ని ద్వీపాల, దేశాల, పట్టణాల వర్తకులకు, అంటే తన పాలనలో లేనివారికి, బహిరంగంగా ఇస్తున్నాడు. ఇది ఇద్దరు రాజుల మధ్య ఒప్పందం కాదు కాబట్టి అంతర్జాతీయ సంధి అనడం అతిశయోక్తి అవుతుంది. పరదేశీయుల ముందు సార్వభౌముడు తనకు తాను గీసుకున్న హద్దు అనడమే సరైనది.

అదే కాలపు యూరప్‌తో పోల్చి చూస్తే ఈ శాసనం స్థాయి తెలుస్తుంది. 1179లో మూడో లాటరన్ సభ ఓడ పగిలినవారిని దోచుకునేవారిని మతం నుంచి వెలివేసింది. అయితే ఆ రక్షణ క్రైస్తవ బాధితులకే. ఇంగ్లండులో 1275 నాటి వెస్ట్‌మినిస్టర్ శాసనం ప్రకారం ఓడలోంచి మనిషో, కుక్కో, పిల్లో ప్రాణాలతో బయటపడితే ఆ సరుకు రాజుది కాదు. యజమాని ఏడాది మీద ఒక రోజులోగా వచ్చి నిరూపించుకోవాలి. ఎవరూ బతక్కపోతే అంతా రాజుదే. మోటుపల్లి శాసనం దానికి ముప్పయ్యేళ్ళు ముందుది. ఇందులో మతం ప్రసక్తి లేదు, ఎవరైనా బతికి బయటపడాలన్న షరతూ లేదు. ఒక లోపం మాత్రం ఉంది. యజమాని ఎవరి దగ్గరికి వెళ్ళాలి, ఎన్నాళ్ళలో అడగాలి, ఏ సాక్ష్యం చూపాలి అన్న విచారణ క్రమం ఇందులో కనిపించదు. ఆ విషయంలో ఇంగ్లండు చట్టానిదే పైచేయి.

ఇది దయ కాదు, స్వార్థమే అన్న వాదన కూడా ఉంది. గుర్రాలు, ఏనుగులు లేనిదే కాకతీయ సైన్యం లేదు. వాటిని తెచ్చే ఓడ ఇంకో రేవుకు మళ్ళితే నష్టం ఓరుగల్లుకే. నిజమే. అయితే సముద్ర న్యాయంలో నిలిచిన సూత్రాలన్నీ ఇలాంటి అవసరాల్లోంచి పుట్టినవే. అవసరం పాలకుడి చేత మాట ఇప్పించింది. ఆ మాట రాతిమీదికి ఎక్కాక వర్తకుడు చూపించి అడగదగిన హక్కు అయింది. 1323లో కాకతీయ రాజ్యం పోయింది. 1358లో కొండవీటి అనపోతారెడ్డి ఇదే మోటుపల్లిలో మళ్ళీ అభయమిచ్చాడు. 1390లో విజయనగర దేవరాయలు కూడా ఇచ్చాడు. రాజు మారినప్పుడల్లా అభయాన్ని తిరిగి చెప్పవలసి వచ్చిందంటే అది ఇంకా రాజ్యం మాట కాలేదు, రాజు మాటగానే ఉంది. ప్రభుత్వాలు మారినా కట్టుబాటు మారకూడదన్న ఆధునిక సూత్రానికీ దీనికీ ఉన్న దూరం అదే.

ఇక మన కాలానికి వద్దాం. ఓడల మీద భారత న్యాయస్థానాల అధికారాన్ని తేల్చిన అతి ముఖ్యమైన తీర్పు సముద్రం లేని హైదరాబాదులో మొదలైంది. 1984 ఫిబ్రవరిలో ఎం.వి. ఎలిజబెత్ అనే విదేశీ ఓడ గోవాలోని మార్మగోవా రేవు నుంచి సరుకుతో వెళ్ళిపోయింది. సరుకు పంపిన హర్వాన్ కంపెనీకి బిల్ ఆఫ్ లేడింగ్ (సరుకు అందినట్టు ఓడవాళ్ళిచ్చే పత్రం) ఇవ్వలేదు. తర్వాత ఆ ఓడ విశాఖపట్నం రేవులోకి వచ్చినప్పుడు ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఆదేశంతో దాన్ని నిలిపివేశారు. ఓడ పక్షం వాదన ఏమిటంటే, 1890 వలస చట్టం భారత హైకోర్టులకు ఇచ్చింది 1861 నాటి ఇంగ్లండు కోర్టు అధికారమే. అది దేశంలోకి వచ్చే సరుకుకే వర్తిస్తుంది, బయటికి పోయే సరుకుకు కాదు. 1992లో సుప్రీంకోర్టు ఈ వాదనను తోసిపుచ్చింది. స్వతంత్ర దేశపు హైకోర్టుల అధికారం వలస పాలకులు గీసిన గీత దగ్గర ఆగిపోదని తేల్చింది. ఖమ్మం మార్కెట్ నుంచి విదేశాలకు పోయే మిర్చికీ, ఈ చుట్టుపక్కల క్వారీల నుంచి రేవులకు చేరే గ్రానైట్ దిమ్మలకూ ఈ తీర్పు నేరుగా రక్ష. ముప్పయ్యో వంతు సుంకాన్ని ఎగుమతికీ దిగుమతికీ సమానంగా వేసిన శాసనం ఉన్న నేల మీద, ఎగుమతిదారుకు కోర్టు తలుపు తెరవడానికి 1992 దాకా ఆగాల్సి రావడం బాధ కలిగిస్తుంది. 2017 అడ్మిరాల్టీ చట్టం ఓడల దావాలు వినే హైకోర్టుల పేర్లు చెప్పినప్పుడు అందులో హైదరాబాదును కూడా చేర్చింది.

ఒడ్డున పడ్డ ఓడ విషయంలోనూ పాత సూత్రమే కొనసాగింది. 1958 వాణిజ్య నౌకాయాన చట్టం కింద యజమాని ఏడాదిలోగా హక్కు నిరూపించుకుని, కాపాడినందుకు అయిన ఖర్చులు చెల్లిస్తే సరుకు అతనిదే. అంటే నిర్ణీత రుసుము తప్ప మిగిలిందంతా యజమానికే. ఆ చట్టం స్థానంలో 2025లో కొత్తది వచ్చింది.

ఇప్పుడు సమస్య మాత్రం తిరగబడింది. 2020 అక్టోబరులో వాయుగుండం ధాటికి బంగ్లాదేశ్ ఓడ ఎం.వి. మా విశాఖ తెన్నేటి పార్కు ఒడ్డుకు కొట్టుకొచ్చింది. నావికులు పదిహేను మందీ క్షేమంగా బయటపడ్డారు. ఓడ మాత్రం చాలా కాలం అక్కడే ఉండిపోయింది. దాన్ని ఎవరైనా లాక్కుంటారన్న భయం ఎవరికీ లేదు. దాన్ని ఎవరు తీస్తారన్నదే ప్రశ్న. 2025 మే 25న కొచ్చి దగ్గర మునిగిన ఎం.ఎస్.సి. ఎల్సా 3లో సుమారు 640 కంటైనర్లున్నాయి. ప్లాస్టిక్ గుళికలు కేరళ తీరానికి కొట్టుకొచ్చాయి. కేరళ ప్రభుత్వం 9,531 కోట్ల రూపాయల దావా వేసింది. ఆ దావాలో హైకోర్టు అదే కంపెనీల సముదాయానికి చెందిన మరో ఓడను నిలిపింది. 2007 నైరోబి ఒప్పందం శిథిలాన్ని తొలగించే బాధ్యతను ఓడ యజమాని మీద పెట్టి, బీమాను తప్పనిసరి చేసింది. 13వ శతాబ్దంలో న్యాయం ఓడను ఒడ్డు నుంచి కాపాడాల్సి వచ్చింది. నేడు ఒడ్డును, అక్కడ వల వేసి బతికే మనిషిని, ఓడ నుంచి కాపాడాలి.

న్యాయ విద్యార్థులకు సముద్ర న్యాయ చరిత్రను 1609లో గ్రోషియస్ రాసిన స్వేచ్ఛా సముద్ర గ్రంథంతో మొదలుపెట్టడం అలవాటు. మద్రాసు విశ్వవిద్యాలయంలో బోధించిన అలెగ్జాండ్రోవిచ్ 1967లోనే ప్రాచ్య రాజ్యాల ఆచారాలను లెక్కలోకి తీసుకోకుండా ఆ చరిత్ర పూర్తి కాదని వాదించారు. హైదరాబాదులోని నల్సార్, విశాఖలోని దామోదరం సంజీవయ్య న్యాయ విశ్వవిద్యాలయాలు మోటుపల్లి శాసనాన్ని మూలంతో, తెలుగు తాత్పర్యంతో, న్యాయ వ్యాఖ్యతో పాఠ్యంగా చేర్చాలి. 1244, 1358, 1390 నాటి మూడు శాసనాలనూ, ఎలిజబెత్ తీర్పునూ ఒకే వరుసలో చదివించాలి. శాసన పరిశోధకులూ న్యాయవాదులూ కలిసి కూర్చుంటే తప్ప ఈ పని కాదు. వారు ముందుకు రావాలని కోరుతున్నాను.