బీరువా తాళం తీస్తే చాలదు: హోషంగాబాద్ చెప్పిన సైన్సు పాఠం

ఈ సంచికలో చాలామంది మన బడి చరిత్ర రాస్తున్నారు. నేను వేరే ప్రాంతపు బడుల చరిత్ర రాస్తున్నాను. అందుకు కారణం ఉంది. స్వర్ణోత్సవ నిధిలో కొంత భాగంతో బడికి సైన్సు ప్రయోగశాల సమకూర్చాలని మన సంఘం అనుకుంటోంది. ఆ డబ్బు ఖర్చుపెట్టే ముందు, మన దేశంలోనే ప్రభుత్వ బడుల్లో ముప్ఫై ఏళ్ళపాటు పిల్లల చేత ప్రయోగాలు చేయించినవాళ్ళ అనుభవం తెలుసుకుంటే మంచిదని నా ఉద్దేశం.

మా బ్యాచ్ చదివిన 1980లలో కూడా బడిలో సామాను ఉండేది. గాజు పట్టకం, దండాయస్కాంతాలు, పరీక్షనాళికలు అన్నీ బీరువాలోనే ఉండేవి. ఏదైనా పగిలితే మాస్టారే లెక్క చెప్పుకోవాలి. పరీక్షలో పటం గీసి భాగాలు గుర్తిస్తే మార్కులు వచ్చేవి. పట్టకాన్ని చేత్తో పట్టుకున్నవాడికీ పట్టుకోనివాడికీ తేడా ఉండేది కాదు. అలాంటప్పుడు బీరువా తెరవాల్సిన అవసరం ఎవరికుంటుంది?

సరిగ్గా ఈ చిక్కుముడినే మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ జిల్లాలో విప్పే ప్రయత్నం చేశారు. ఇప్పుడు ఆ జిల్లా పేరు నర్మదాపురం. 1972లో కిశోర్ భారతి, రసూలియాలోని ఫ్రెండ్స్ రూరల్ సెంటర్ అనే రెండు స్వచ్ఛంద సంస్థలు ప్రభుత్వ అనుమతితో 16 మాధ్యమిక పాఠశాలల్లో, 6 నుంచి 8 తరగతుల దాకా, సైన్సును ప్రయోగాల ద్వారా చెప్పడం మొదలుపెట్టాయి. కిశోర్ భారతిని స్థాపించిన అనిల్ సద్గోపాల్, టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్‌లో ఉద్యోగం వదులుకుని వచ్చిన శాస్త్రవేత్త. ఆ సంస్థ శాస్త్రవేత్తలు, ఢిల్లీ విశ్వవిద్యాలయ అధ్యాపకులు వచ్చి పల్లెటూరి టీచర్లతో కలిసి కూర్చుని పాఠాలు తయారుచేశారు. 1978లో ఇది జిల్లా అంతటికీ విస్తరించింది. 1982లో ఏకలవ్య సంస్థ ఏర్పడి ఆ బాధ్యత తీసుకుంది. తర్వాత ఇతర జిల్లాలకూ పాకి, సుమారు వెయ్యి బడులకు చేరింది.

తరగతి ఎలా నడిచేదంటే, నలుగురేసి పిల్లలు ఒక జట్టుగా కూర్చునేవారు. 'బాల వైజ్ఞానిక్' అనే పుస్తకంలో జవాబులు ఉండవు. ఏం చేయాలో, ఏం గమనించాలో, ఏ ప్రశ్న వేసుకోవాలో ఉంటుంది. జవాబు పిల్లలు తమ మాటల్లో నోటుబుక్కులో రాసుకోవాలి. పువ్వును విప్పి చూడటానికి ఉక్కు సూదుల బదులు తుమ్మముళ్ళు వాడారు. ఒకే పొడవును పదిమంది కొలిస్తే పది కొలతలు ఎందుకు వస్తాయో చర్చించారు. నాణేలు, పాచికలు వేసి, పడినవి లెక్కగట్టి, సంభావ్యత అంటే ఏమిటో తెలుసుకున్నారు. సైన్సు పీరియడులోనే లెక్కలూ వచ్చేశాయి.

ఇంజనీరుగా నాకు బాగా నచ్చినది అగ్గిపుల్లల పాఠం. కాన్పూర్ ఐఐటీలో చదివిన అరవింద్ గుప్తా 1978లో ఫ్యాక్టరీ ఉద్యోగానికి సెలవు పెట్టి ఈ కార్యక్రమంలో పనిచేశారు. సైకిల్ వాల్వు ట్యూబును చిన్న ముక్కలుగా కోసి, వాటితో అగ్గిపుల్లలను కలిపి ఆకారాలు చేయించారు. చతురస్రం చేసి మూల నొక్కితే పక్కకు ఒరిగిపోతుంది. త్రిభుజం ఒరగదు. రాజమండ్రి దగ్గర గోదావరి మీద రోడ్డు-రైలు వంతెన ఉక్కు చట్రంలో వరసగా త్రిభుజాలే ఎందుకు కనిపిస్తాయో ఆరో తరగతి పిల్లకు అయిదు నిమిషాల్లో అర్థమవుతుంది. నేను ఆ సంగతి ఇంజనీరింగ్‌లో సమీకరణాలతో నేర్చుకున్నాను.

అయితే ఆ కార్యక్రమం నిలబడింది అగ్గిపుల్లల వల్ల కాదు. వాళ్ళు ఇంకో మూడు పనులు చేశారు. ఒకటి, పరీక్ష మార్చారు. ఎనిమిదో తరగతి పరీక్షకు పిల్లలు పుస్తకం, తమ నోటుబుక్కు తెచ్చుకోవచ్చు. ప్రయోగ పరీక్ష విడిగా ఉండేది. రెండు, వేసవి శిక్షణలో టీచర్లే పిల్లల్లా కూర్చుని ప్రతి ప్రయోగమూ చేశారు. తర్వాత నెలనెలా కలుసుకుని ఇబ్బందులు చెప్పుకున్నారు. మూడు, పగిలిన సామాను, అయిపోయిన సామాను మళ్ళీ బడికి చేరే ఏర్పాటు చేశారు. పిల్లలకు వచ్చే సందేహాలకు 'సవాలీరామ్' అనే కల్పిత పాత్ర ఉండేది. ఆ పేరుకు ఉత్తరం రాస్తే జవాబు వచ్చేది.

2002లో రాష్ట్ర ప్రభుత్వం ఈ కార్యక్రమాన్ని ఆపేసింది. ప్రభుత్వ బడుల్లో పరీక్షను మార్చే అధికారం ప్రభుత్వానిదే. అది చెయ్యి తీసేస్తే ఎంత మంచి పనైనా నిలవదన్నది కూడా ఇందులో పాఠమే.

ఉద్యోగరీత్యా నేను రెండేళ్ళు ఆ జిల్లాలోని ఇటార్సీలో ఉన్నాను. నా కింద పనిచేసిన ఒక సూపర్‌వైజరు ఏ కొలతైనా మూడుసార్లు తీసి, మూడూ రాసి తెచ్చేవాడు. "సగటు ఒక్కటి రాస్తే చాలు కదా" అన్నాను ఒకసారి. "సగటు వేస్తే తేడా ఎంతో మీకు కనబడదు సార్" అన్నాడు. ఎక్కడ నేర్చుకున్నావని అడిగితే, ఊళ్ళో ఆరో తరగతిలో అన్నాడు. ఇరవై ఏళ్ళు గడిచినా ఆ అలవాటు అతన్ని వదల్లేదు.

అందుకే సంఘానికి నా మనవి. మన డబ్బంతా అద్దాల బీరువాలకూ పాలరాతి బల్లలకూ పెట్టొద్దు. సగం సామానుకు పెట్టి, మిగతా సగం బ్యాంకులో వేద్దాం. ఏటా వచ్చే వడ్డీతో పగిలినవాటి స్థానంలో కొత్తవి కొందాం. పగిలిన గాజును నష్టంగా కాకుండా ఖర్చుగా రాసుకునేలా ప్రధానోపాధ్యాయులతో మాట్లాడదాం. బోర్డు పరీక్ష మన చేతిలో లేదు. కానీ ఆరు, ఏడు తరగతుల యూనిట్ టెస్టుల్లో చేసి చూపించినందుకు కొన్ని మార్కులు కేటాయించమని అడగవచ్చు. వేసవిలో మన సైన్సు, లెక్కల టీచర్లు వారం రోజులు ప్రయోగాలు చేసుకోవడానికి ఖర్చు మనం భరిద్దాం. మనలో ఇంజనీర్లు, డాక్టర్లు, మెకానిక్కులు, రైతులు ఉన్నారు. నెలకొకరు వచ్చి పిల్లల పక్కన కూర్చోగలం.

వచ్చే సర్వసభ్య సమావేశంలో ఈ ప్రతిపాదన పెడతాను. మొదటి రెండు శనివారాలు నావి. అగ్గిపుల్లలు, వాల్వు ట్యూబు నేనే తెస్తాను.