నెలకి పది డాలర్లు.. మరి మిగతాది ఎవరు కట్టారు?

ఆగస్టు పదిహేను అంటే మనకి జెండా వందనం, అదయ్యాక చేతిలో పెట్టే బిళ్ళలు గుర్తొస్తాయి. అమెరికాలో ఉన్న సినిమా పిచ్చోళ్ళకి మాత్రం 2017 ఆగస్టు 15న ఇంకో రకం స్వాతంత్ర్యం వచ్చింది. మూవీపాస్ అనే కంపెనీ ఆ రోజు ఓ ప్రకటన చేసింది. నెలకి 9 డాలర్ల 95 సెంట్లు కట్టండి, రోజుకో సినిమా చూసుకోండి అని! త్రీడీ, ఐమాక్స్ లాంటివి తప్ప దాదాపు ఏ థియేటరైనా ఫరవాలేదు. ఆ ఏడాది అమెరికాలో సినిమా టిక్కెట్టు సగటు ధర 8 డాలర్ల 97 సెంట్లు. అంటే నెలలో రెండో సినిమాకి వెళ్ళామంటే చాలు, ఇంక చూసినంతా లాభమే అన్నమాట.

ఆ కథ ముగిసి చాలా ఏళ్ళయింది. అయినా మావాళ్ళు నలుగురు ఒకచోట చేరితే ఇప్పటికీ ఎవరో ఒకరు "అసలు ఈ పాసులు గిట్టుబాటవుతాయంటారా? నిలబడతాయంటారా?" అని కదిలిస్తూనే ఉంటారు. ఒకాయన "అదంతా మోసమండీ" అంటాడు. ఇంకొకాయన "మరి ఏఎంసీ వాడు ఇన్నేళ్ళుగా ఇస్తున్నాడుగా" అంటాడు. ఇద్దరూ చెప్పేదాంట్లోనూ నిజముంది. ఎవరిది ఎంతవరకు నిజమో తేలాలంటే కథ మొదట్నుంచీ చెప్పుకోవాలి.

దానికి ముందు ఒక్క మాట. మనందరికీ తెలిసిన పాసు ఆర్టీసీ స్టూడెంటు బస్సు పాసు. పిల్లవాడు కట్టేది తక్కువ, బస్సుకి అయ్యే ఖర్చు ఎక్కువ. ఆ తేడా ప్రభుత్వం ఆర్టీసీకి ఇవ్వాలి. ఇవ్వకపోతే ఆర్టీసీ నష్టాల్లో కలుస్తుంది. ఎలా చూసినా ఎవరో ఒకరు కట్టాల్సిందే. ఏ పాసు చూసినా నేను ముందు వేసుకునే ప్రశ్న ఇదే, మిగతాది ఎవరు కడుతున్నారు?

సినిమా పాసు మూవీపాస్ వాళ్ళు కనిపెట్టిందేమీ కాదు. ఫ్రాన్సులో యూజీసీ అనే థియేటర్ల సంస్థ 2000 మార్చిలోనే నెలకి 98 ఫ్రాంకులకి (ఇప్పటి లెక్కలో సుమారు 15 యూరోలు) ఎన్ని సినిమాలైనా చూడొచ్చని కార్డు పెట్టింది. పెట్టీ పెట్టగానే గొడవ మొదలైంది. చిన్న థియేటర్లవాళ్ళు, కార్డు చేతిలో ఉన్నవాడు ఇంక మా గుమ్మం ఎందుకు తొక్కుతాడు అన్నారు. నిర్మాతలు, పంపిణీదారుల బాధ ఇంకోటి. టిక్కెట్టు అమ్మితే అందులో మాకింత అని వాటా ఉంటుంది, అసలు టిక్కెట్టుకి ధరే లేకపోతే వాటా దేనిమీద లెక్కేస్తారు? గోమాంట్, ఎంకే2 సంస్థలు మాత్రం కొన్నాళ్ళు చూసి, కలిసి తమ పాసు తామూ పెట్టుకున్నాయి.

అక్కడి ప్రభుత్వం ఆ కార్డుని నిషేధించలేదు. అలాగని వదిలెయ్యనూలేదు. 2001 మే నెలలో చట్టం తెచ్చింది. ఇలాంటి కార్డు అమ్మాలంటే జాతీయ సినిమా కేంద్రం అనుమతి ఉండాలి. కార్డు మీద ఎవరు సినిమా చూసినా ఆ ఒక్క చూపుకి ఇంత ధర అని ముందే ఖరారు చేసి, దానిమీద పంపిణీదారుడికి వాటా ఇవ్వాలి. చిన్న థియేటర్లు మేమూ చేరతామంటే చేర్చుకోవాలి, వాళ్ళకి టిక్కెట్టుకింత అని హామీ ఇవ్వాలి. అంటే మిగతాది ఎవరు కడతారన్న ప్రశ్నకి అక్కడ కాగితం మీద జవాబు రాసిపెట్టారు. ఆ కార్డు పాతికేళ్ళు దాటినా నడుస్తూనే ఉంది.

ఇక అమెరికా సంగతి. మూవీపాస్‌ని స్టేసీ స్పైక్స్, హామెట్ వాట్ అనే ఇద్దరు 2011లో మొదలుపెట్టారు. శాన్ ఫ్రాన్సిస్కో చుట్టుపక్కల పరీక్షగా పెట్టబోతే, ఏఎంసీ వాళ్ళు మమ్మల్ని అడగకుండా మా సీట్లు మీరెలా అమ్ముతారని అడ్డుపడ్డారు. తర్వాత వీళ్ళు ఓ ఉపాయం పట్టుకున్నారు. సభ్యుడికి మాస్టర్‌కార్డు డెబిట్ కార్డు ఇస్తారు. థియేటరు దగ్గరికెళ్ళి ఫోనులో సినిమా ఎంచుకోగానే టిక్కెట్టు ధర ఎంతో అంత ఆ కార్డులోకి వస్తుంది, కౌంటర్లో గీకడమే. థియేటరు వాడి దృష్టిలో అది మామూలు టిక్కెట్టే. వాడికి పూర్తి డబ్బు ముడుతుంది కాబట్టి వాడి అనుమతితో పని లేదు.

ఉపాయం తెలివైనదే, చిక్కూ అక్కడే ఉంది. మన కన్సల్టెన్సీ భాషలో చెప్తాను. (చిన్నప్పుడు బెంచీ అంటే నేల టిక్కెట్టుకీ కుర్చీకీ మధ్య క్లాసు. ఈ దేశం వచ్చాక బెంచి అంటే ప్రాజెక్టు లేకుండా కూర్చోవడం!) బెంచి మీద ఉన్న మనిషికి జీతం ఎలాగూ ఇస్తున్న కంపెనీ, తక్కువ రేటుకైనా వాణ్ణి ఏదో ప్రాజెక్టులోకి పంపితే వచ్చిందే లాభం. థియేటరులో ఖాళీ సీటు అలాంటిది. ఏసీ, కరెంటు, అద్దె ఎలాగూ తప్పవు, మంగళవారం మ్యాట్నీకి ఇంకో పదిమంది వచ్చి కూర్చుంటే అదనంగా అయ్యే ఖర్చు దాదాపు లేదు. పైగా వాళ్ళు పాప్‌కార్న్ కొంటారు. ఏఎంసీ లెక్కల్లో చూస్తే తినుబండారాల మీద వచ్చే ప్రతి డాలరుకీ సరుకు ఖర్చు 20 సెంట్లు కూడా ఉండదు. కాబట్టి సీటు సొంతదారుడు పాసు చవగ్గా ఇవ్వగలడు. మూవీపాస్ సీటు సొంతదారుడు కాదు. మనిషిని పూర్తి రేటుకి తెచ్చుకుని, క్లయింటుకి మాత్రం నెలకి పది డాలర్లకి ఎన్ని గంటలైనా వాడుకోమని ఇచ్చిన వెండారు లాంటివాడు. ఖాళీ సీటు వల్ల వచ్చే లాభంగానీ, పాప్‌కార్న్ డబ్బుగానీ వాడికి ఒక్క సెంటు రాదు.

మొదట్లో ఈ సంగతి వాళ్ళకి తెలిసే, అపరిమితం పాసుకి ఊరిని బట్టి నెలకి 30 నుంచి 50 డాలర్ల దాకా తీసుకునేవాళ్ళు. సభ్యులు 20 వేలమంది ఉండేవారు. అప్పుడొచ్చింది హీలియోస్ అండ్ మాథెసన్.

ఈ పేరు మన సాఫ్ట్‌వేర్ వాళ్ళలో కొందరికి పాత పరిచయమే. న్యూయార్కులో ది ఏ కన్సల్టింగ్ టీమ్ అని ఓ ఐటీ కన్సల్టింగ్ కంపెనీ ఉండేది. చెన్నైకి చెందిన హీలియోస్ అండ్ మాథెసన్ 2006లో అందులో పెద్ద వాటా కొని, తర్వాత తన పేరు పెట్టింది. మనుషుల్ని ప్రాజెక్టులకి పంపే కంపెనీ కాస్తా టెడ్ ఫార్న్స్‌వర్త్ చేతికొచ్చాక డేటా కంపెనీ అయింది, 2017 ఆగస్టులో మూవీపాస్‌లో మెజారిటీ వాటా కొంటున్నట్టు ప్రకటించింది. అదే రోజు ధర 9 డాలర్ల 95 సెంట్లకి దించారు. ఎవరు ఏ సినిమాకి ఎప్పుడు వెళ్తున్నారో మాకు తెలుస్తుంది, ఆ సమాచారమే డబ్బు అన్నారు. థియేటర్లు తమ లాభంలో వాటా ఇస్తాయన్నారు. జిమ్ములో చేరినవాళ్ళలాగే చాలామంది కార్డు కొని ఊరుకుంటారనీ అన్నారు. నెలనెలా కట్టి జిమ్ముకి వెళ్ళనివాళ్ళు బోలెడుమంది ఉంటారు, నిజమే. కానీ ట్రెడ్‌మిల్లు ఎక్కడానికి ఒళ్ళు వంచాలి, సినిమా చూడ్డానికి కుర్చీలో వెనక్కి వాలితే చాలు!

ఏఎంసీ అదే రోజు జవాబిచ్చింది. ఈ ధర నిలబడదనీ, చివరికి ప్రేక్షకులకి నిరాశే మిగులుతుందనీ, సీసాన్ని బంగారం చేసే విద్య ఇంకా ఎవరికీ పట్టుబడలేదనీ ఆ ప్రకటన సారాంశం.

సభ్యులు మాత్రం వరదలా వచ్చారు. డిసెంబరుకి పది లక్షలు, 2018 జూన్‌కి ముప్ఫై లక్షలు దాటారు. మా చుట్టుపక్కల ఎవరి పర్సు తీసినా ఆ ఎర్ర కార్డు కనిపించేది. 2018 మేలో "మహానటి"ని నేను రెండో వారంలో పాసు మీదే చూశాను. తెలుగు సినిమా ఇక్కడ సాధారణంగా ప్రీమియర్ రాత్రి, మొదటి వారాంతం అంతే. టిక్కెట్టు కూడా మామూలు సినిమా కంటే ఎక్కువే. అలాంటిది మంగళవారం రాత్రి ఆటకి హాల్లో సగం మంది ఉన్నారు. ఒక్కొక్కరే వచ్చిన బ్రహ్మచారులు, పిల్లల్ని వంతులవారీగా చూసుకుంటూ ఈ రోజు భార్య, రేపు భర్త అని పంచుకున్నవాళ్ళు. పాసు మంచిదా చెడ్డదా అన్న వాదనలో ఈ సంగతి మర్చిపోకూడదు. డబ్బు లెక్క తీసేస్తే, బావుందో లేదో తెలియని సినిమాకి కూడా జనం ధైర్యంగా వెళ్తారు. చిన్న సినిమాకి అంతకంటే కావలసిందేముంది?

కానీ ఆ హాల్లో మా అందరి టిక్కెట్లకీ డబ్బు కట్టింది ఎవరు? ఆ మే నెలలో పాసుల మీద వచ్చినదానికీ కట్టినదానికీ మధ్య తేడా సుమారు 4 కోట్ల డాలర్లని ఆ కంపెనీయే తెలియజేసింది. ఆ లోటు పూడ్చడానికి కొత్త షేర్లు అచ్చేసి అమ్ముతూ పోయారు. 2017 అక్టోబరులో ఒక్కో షేరు 38 డాలర్లు దాటింది. 2018 జూలై 25న 250 పాత షేర్లని కలిపి ఒక్క కొత్త షేరు చేశారు. కొద్ది వారాల్లో ఆ ఒక్కటీ పది సెంట్లకి దిగింది. శిఖరం మీద 250 షేర్లు కొన్నవాడు పెట్టింది 9,500 డాలర్లు, మిగిలింది పది సెంట్లు. మిగతాది కట్టింది వాళ్ళు. అందులో కొందరు పాసు చూసి ముచ్చటపడి, కంపెనీ బావుంది కదా అని షేర్లు కొన్న చిన్న మదుపరులు.

షేర్లు కలిపిన మర్నాడే చేతిలో డబ్బులైపోయి కార్డులు ఆగిపోయాయి. 50 లక్షల డాలర్లు అప్పు తెచ్చి మళ్ళీ నడిపించారు. ఆగస్టులో నెలకి మూడు సినిమాలే అన్నారు, అవీ ఆ రోజు జాబితాలో ఉన్నవే. 2019 సెప్టెంబరు 14న దుకాణం మూతపడింది, 2020 జనవరిలో హీలియోస్ దివాళా తీసింది. ఆ తర్వాత బయటికొచ్చింది ఇంకా చేదుగా ఉంది. ఎక్కువ సినిమాలు చూసే 75 వేలమంది ఖాతాల పాస్‌వర్డులు కావాలనే చెల్లకుండా చేశారని ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2021లో ఆరోపించింది. పది డాలర్ల ధర నిలబడదని తెలిసే, షేరు ధర పెంచడానికి మదుపరులకి అబద్ధాలు చెప్పారని 2022లో క్రిమినల్ కేసు పెట్టారు. మూవీపాస్ సీఈవో మిచ్ లో 2024లో, ఫార్న్స్‌వర్త్ 2025 జనవరిలో నేరం ఒప్పుకున్నారు. కాబట్టి "అదంతా మోసం" అన్నాయన మాట ఇంతవరకు నిజం.

రెండో ఆయన మాట కూడా చూద్దాం. సినీమార్క్ 2017 డిసెంబరులో 8 డాలర్ల 99 సెంట్లకి నెలకో టిక్కెట్టు, వాడకపోతే వచ్చే నెలకి జమ అంది. నిరాశ తప్పదని చెప్పిన ఏఎంసీ 2018 జూన్‌లో తనే 19 డాలర్ల 95 సెంట్లకి వారానికి మూడు సినిమాలు అంటూ ఏ-లిస్ట్ పెట్టింది. ప్యారిస్ కార్డు ఇంగ్లండు మీదుగా ఇక్కడికి చేరడం ఇంకా తమాషాగా ఉంటుంది. యూజీసీ వాళ్ళ బ్రిటన్ థియేటర్లని 2004లో సినీవరల్డ్ కొన్నది, వాటితోపాటే అపరిమితం కార్డూ వచ్చింది. ఆ సినీవరల్డ్ 2018లో అమెరికాలో రీగల్‌ని కొని, 2019 జూలైలో ఆ కార్డుని ఇక్కడ పెట్టింది. కోవిడ్ దెబ్బకీ, అప్పుల బరువుకీ 2022లో సినీవరల్డ్ దివాళా కోర్టుకెక్కింది. రీగల్ పాసు మాత్రం బతికే ఉంది.

ఇండియాలోనూ పీవీఆర్ ఐనాక్స్ 2023 అక్టోబరులో నెలకి 699 రూపాయలకి పది సినిమాలు అంది. కాకపోతే సోమవారం నుంచి గురువారం వరకే. ఖాళీగా ఉండే సీట్లని అమ్మడమే అది. దీనికి పూర్తిగా అటువైపు ఉన్నది 2021 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఇచ్చిన జీవో 35. పల్లెటూళ్ళో ఏసీ లేని హాల్లో కింది తరగతి టిక్కెట్టు 5 రూపాయలన్నారు. అక్కడ మిగతాది కట్టాల్సింది థియేటరువాడు. వాడివల్ల కాలేదు, ఎన్నో హాళ్ళు తలుపులు వేసుకున్నాయి. ఏడాది తిరక్కుండా 2022 మార్చిలో రేట్లు మార్చక తప్పలేదు.

కాబట్టి నా లెక్క ఇది. సీటు ఎవరిదో వాడే అమ్ముతూ, సినిమా తీసినవాడి వాటా ఒక్కో టిక్కెట్టుకీ లెక్కకట్టి ఇస్తూ ఉంటే ఆ పాసు నిలబడుతుంది. వేరేవాడి సీటుని పూర్తి ధరకి కొని మనకి ఊరికే ఇచ్చేది ఎవరి డబ్బో కరిగేదాకానే ఉంటుంది. మన ఇంటికి గిట్టుబాటవుతుందా అన్నది వేరే లెక్క. పాసు మనిషికొకటి, ఇంటికొకటి కాదు. నెలకో తెలుగు సినిమాకి నలుగురూ కలిసి వెళ్ళే ఇంటికి నాలుగు అపరిమితం పాసులు దండగే, విడిగా టిక్కెట్లు కొనుక్కోవడం మేలు. నెలకి మూడుసార్లు ఒంటరిగా వెళ్ళే అలవాటున్నవాడికి మాత్రం హాయి. చూడాలనుకున్నవి కాదు, గడిచిన ఆరు నెలల్లో నిజంగా చూసినవెన్నో లెక్కపెట్టుకుని చేరండి. ధర మరీ చవగ్గా కనబడితే మాత్రం, చేరేముందు మిగతాది ఎవరు కడుతున్నారో ఓసారి ఆరా తియ్యండి.