పెరటి నీటి తొట్టి: పురుగుల నివారణ

పెరటిలో నేలపై కట్టిన గాబులో గాని, నేల లోపల కట్టిన సంపులో గాని వానాకాలం రాగానే పురుగులు కనిపించడం, వెంటనే ఏదో ఒక మందు కలపడం పరిపాటి. అయితే పురుగు కనిపించిందంటే తొట్టికి ఎక్కడో దారి తెరచి ఉన్నదని అర్థం. ఆ దారి మూయనంతవరకు మందు వల్ల ఫలితం నిలువదు.

ఏ పురుగు ఏ దారిన వస్తుంది?

వానపాములు: నేల నీటితో నిండినప్పుడు రాత్రివేళ పైకి వచ్చి పాకుతాయి. తొట్టి అంచు నేలకు సమంగా ఉంటే అందులో పడతాయి.

రోకలిబండలు, జెర్రులు: తడిసిన ఆకులు, కట్టెల కుప్పల కింద చేరి, గోడ పగుళ్ల గుండా లోనికి వస్తాయి.

ఎర్రని సన్నని పురుగులు: ఇవి నిజానికి కుట్టని ఒక జాతి ఈగల పిల్లలు. వీటి రక్తంలో హీమోగ్లోబిన్ ఉండుటచేత ఎర్రగా కనబడతాయి. ఇవి ఉన్నాయంటే మూత సరిగా లేదని, అడుగున మడ్డి పేరుకున్నదని గ్రహించాలి.

దోమ పిల్లలు: వారం, పది రోజులలో దోమలై ఎగిరిపోతాయి. డెంగీ దోమ గుడ్లు నీటి అంచున గోడకు అంటుకొని, ఎండినా నెలల తరబడి చావక నిలుస్తాయి.

నారికురుపు నేర్పిన పాఠం

ఆంధ్రప్రదేశ్, కర్ణాటక, తమిళనాడు, మహారాష్ట్ర మొదలైన రాష్ట్రాల పల్లెలను పీడించిన నారికురుపునకు మందు గాని, టీకా గాని లేదు. దిగుడుబావులలోనికి రోగులు దిగకుండా చూడడం, నీటిని గుడ్డతో వడగట్టి తాగడం మొదలైన జాగ్రత్తల వల్లనే అది అంతరించింది. దేశంలో చివరి రోగి 1996లో రాజస్థాన్‌లో నమోదు కాగా, 2000లో ప్రపంచ ఆరోగ్య సంస్థ భారతదేశాన్ని ఆ వ్యాధి నుండి విముక్తమైనదిగా ప్రకటించింది.

చేయవలసిన పనులు

1. తొట్టి అంచును నేలకంటె కనీసం ఒక అడుగు ఎత్తున కట్టి, పగుళ్లను సిమెంటుతో పూడ్చాలి.
2. మూత సందు లేకుండా అమరాలి. పొర్లు గొట్టం నోటికి సన్నని జాలీ బిగించాలి.
3. చుట్టూ ఆకులు, కట్టెలు, బురద లేకుండా నీరు బయటికి పారేలా వాలు ఉంచాలి.
4. వారానికొకసారి గాబును ఖాళీ చేసి, గోడలను కొబ్బరి పీచుతో గట్టిగా రుద్ది, ఆరనివ్వాలి.
5. వెయ్యి లీటర్ల నీటికి 2.5 గ్రాముల బ్లీచింగ్ పౌడరును బకెట్టు నీటిలో కలిపి, సున్నం అడుగుకు దిగిన పిమ్మట పై తేటను మాత్రమే తొట్టిలో పోయాలి. గంట తరువాతనే వాడాలి. పొడవు, వెడల్పు, లోతులను అడుగులలో గుణించి, 28తో హెచ్చిస్తే తొట్టిలో పట్టే లీటర్లు తెలుస్తాయి. ఈ మోతాదు రోగక్రిములకే గాని పురుగులకు కాదు.

తాగే నీటిలో పొలం మందులు, కిరోసిన్ ఎన్నడూ పోయరాదు. చాలాకాలం మూసి ఉంచిన సంపులో గాలి విషతుల్యం కావచ్చు. ఒంటరిగా దిగరాదు. దిగినవారు స్పృహ తప్పితే వెంట మరొకరు దూకక, అగ్నిమాపక సిబ్బందిని పిలవాలి.