ఇంద్రవెల్లి స్తూపము

స్తూపశబ్దము సముచ్ఛ్రాయార్థకమైన ధాతువునుండి పుట్టినది. సముచ్ఛ్రాయమనఁగా ఎత్తుట, కుప్పవోయుట. తెలుగునాట నిప్పుడు ‘స్థూప’మని థకారముతో వ్రాయుట మెండు. స్థాధాతువుతోడి భ్రాంతియే యిందుకుఁ గారణము గావచ్చును. అపశబ్దమే యైనను, నిలిచియుండవలెనను కోరిక యందుఁ దోఁచుచున్నది.

కరీంనగరు సీమలో ధూళికట్ట యొద్ద శాతవాహనుల కాలపు బౌద్ధస్తూపము కలదు. అట్టివి రాజుల యొక్కయు వర్తకుల యొక్కయు దానములచే లేచినవి. గోదావరి కుత్తరమున ఆదిలాబాదు సీమలోని ఇంద్రవెల్లి స్తూపమన్ననో, రాజ్యాధికారమున కెదురుగా లేచినది.

1981 ఏప్రిలు 20, సోమవారము, సంతనాఁడు. భూమిహక్కులకై గిరిజన రైతుకూలీ సంఘము సభ తలపెట్టెను. అనుమతి లేదని యడ్డగించినను గోండులు పల్లెపల్లెనుండి వచ్చిరి. పోలీసులు కాల్పులు జరిపిరి. మృతులు ప్రభుత్వపు లెక్కకు 13 మంది. పౌరహక్కులవారి లెక్కకు 60 మందికిఁ దక్కువ గారు. పరిశోధకునకు ఈ భేదము చిన్నది కాదు: ఒక లెక్క అధికారుల కాగితములందున్నది, రెండవది చచ్చినవారి గూడెములలో నున్నది.

1983లో ఆ సంఘమే యచ్చట ఎఱ్ఱని స్తూపము నెత్తెను. పూర్వపు వీరగల్లులు సామాన్యముగా ఏలికకొఱకో, ఊరికొఱకో, పసులమందకొఱకో పోరి పడినవారివి. ఏలినవారి తుపాకికే పడినవారికి నడివీథిలో గుఱుతు నిలుపుట వేఱు విషయము. 1978 నాఁటి జగిత్యాల జైత్రయాత్ర మొదలు కరీంనగరు పల్లెలలో గోడవ్రాతలును, ఇట్టి స్తూపములును ప్రబలినవి. గోడవ్రాతకు సున్నము పూసినఁ జాలును. స్తూపమునకు గడ్డపాఱ కావలెను. హుస్నాబాదునందలి పెద్ద స్తూపమును గూల్చఁబడినదే.

ఇంద్రవెల్లి స్తూపమును 1986 మార్చిలో గుఱుతు తెలియనివారు కూల్చివైచిరి. ఆదివాసులు ఆందోళన చేయఁగా, 1987లో సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ, అనఁగా సర్కారుశాఖయే, దానిని మఱలఁ గట్టించెను. సర్కారు కట్టించినది సర్కారునకు విరోధచిహ్నమెట్లగునని శంక పుట్టవచ్చును. తాను గట్టించిన దానికడకే జనము రాకుండ ఏటేట ఏప్రిలు 20న ప్రభుత్వము 144వ సెక్షను విధించుచు వచ్చుటయే యిందుకు సమాధానము. కట్టినవారు మాఱిరి గాని అర్థము మాఱలేదు. పాలకులకది చక్కఁగాఁ దెలిసియే యుండెను.

2014లో తెలంగాణ రాష్ట్రమేర్పడిన పిదప ఆ కట్టుబాట్లు మెల్లమెల్లఁగా సడలినవి. 2024 ఫిబ్రవరి 2న ముఖ్యమంత్రి రేవంతు రెడ్డి స్వయముగా వచ్చి యచ్చట నివాళి యర్పించి, స్మృతివనమునకు శంకుస్థాపన చేసెను. మృతుల కుటుంబములవారు మాత్రము ఏప్రిలు 20ననే వత్తురు. గోండుల యాచారము చొప్పున పూజచేసి జెండా నెత్తుదురు.