వేలంలో మా కారు

పోయిన దసరా సెలవుల్లో మా ఇంట్లో ఒక్క మాట మీద రెండు రోజులు గొడవైంది. ఆ మాట "వేలం". మా పాత కారును ఫోనులో వేలం వేసి అమ్ముదామని బాపు అన్నాడు. తాత అన్నం పళ్లెం పక్కకు జరిపి, "నేను బతికుండంగ ఈ ఇంటి వస్తువు వేలానికి పోదు" అన్నాడు. ఒక పాత కారు కోసం ఇంత కోపం ఎందుకో నాకు అర్థం కాలేదు. సెలవులైనాక మా చరిత్ర సారు "మీ ఇంట్లో వాడే ఒక మాట వెనక ఉన్న చరిత్ర రాయండి" అన్నారు. నేను ఈ మాటనే తీసుకున్నాను.

మాది షోలాపూర్. తాత వాళ్ల నాయన కరీంనగర్ వైపు నుంచి మగ్గం పని కోసం ఇక్కడికి వచ్చాడు. ఇంట్లో తెలుగు, బజారులో మరాఠీ, పక్కింటివాళ్లతో కన్నడ మాట్లాడతాము. మాకు నాలుగు పవర్‌లూమ్‌లు ఉన్నాయి, తువ్వాళ్లు నేస్తాము. కారు 2011 నాటి వ్యాగన్ ఆర్. తువ్వాళ్ల కట్టలు దాంట్లోనే మార్కెట్‌కు పోయేవి. అది తాత పేరు మీద ఉంది. అక్క నర్సింగు కాలేజీ ఫీజు కట్టడానికి లక్షా ఇరవై వేలు కావాల్సి వచ్చింది. మా గల్లీలో బండ్లు అమ్మిపెట్టే ఏజెంటు వచ్చి చూసి తొంభై అయిదు వేలు అన్నాడు. అప్పుడే బాపు ఫోను వేలం సంగతి తీశాడు.

ముందు మాట సంగతి చెప్తాను. మేము వేలం అంటాము, మరాఠీవాళ్లు లిలావ్ అంటారు, తమిళంలో ఏలం, హిందీలో నీలామ్. ఇవన్నీ పోర్చుగీసు వాళ్ల "లెయిలావ్" అనే మాట నుంచి వచ్చాయని భాష చదివినవాళ్లు చెప్తారు. పోర్చుగీసు వాళ్లకు అది అరబ్బీ నుంచి వచ్చింది. అంటే ఓడల మీద సరుకుతో పాటు ఈ మాట కూడా మన రేవుల్లో దిగింది. కానీ వేలంలో ధర చెప్పడాన్ని మాత్రం మనం "పాట" అనే అంటాము. మొదట పలికే కనీస ధర సర్కారు వారి పాట. ఆ తర్వాత ఒకరి మీద ఒకరు పాడాలి, ఒకటోసారి, రెండోసారి, మూడోసారి.

తాత కోపం వెనక కూడా ఒక చరిత్ర ఉంది. 1972లో మహారాష్ట్రలో పెద్ద కరువు వచ్చింది. తాతకు అప్పుడు పదిహేడేళ్లు. పంటలు లేక పల్లెల్లో బట్ట కొనేవాళ్లు తగ్గిపోయారు. నూలు అప్పు తీర్చలేక పక్కింటివాళ్ల మగ్గాలు వేలానికి వచ్చినయి. "డప్పు కొట్టి చెప్పిన్రు. గల్లీ అంత గుమిగూడింది. ఆ ఇంటాయన తలుపు పెట్టుకొని లోపల కూసున్నడు. ఆయన మగ్గం మీద ఆయన తోటివాళ్లే పాట పాడిన్రు. మీ ముత్తాత నన్ను చెయ్యి వట్టి ఇంట్లకు గుంజుకపోయిండు, చూడొద్దని" అని తాత చెప్పాడు. అందుకే మా ఇంట్లో వేలం అంటే పరువు పోవడం. "ఇల్లు వేలానికొచ్చింది" అని ఎవరైనా అంటే, అమ్మ వెంటనే "అట్ల అనొద్దు" అంటుంది.

పుస్తకాలు చూస్తే తాత మాటలో తప్పు లేదనిపించింది. పాత రోము నగరంలో యుద్ధంలో దోచిన సొమ్మును వేలం వేసేటప్పుడు నేలలో ఈటె పాతేవాళ్లు. క్రీ.శ. 193లో అక్కడి అంగరక్షక సైనికులు చక్రవర్తిని చంపి, సింహాసనాన్నే వేలం పెట్టారు. డిడియస్ జూలియానస్ అనే ధనవంతుడు పాట పాడి గెలిచాడు. 66 రోజులకే అతన్నీ చంపారు. అంటే చాలా కాలం వేలం వెనక యుద్ధమో, అప్పో, చావో ఉంది. ఓడిపోయినవాడి సొమ్ము గెలిచినవాళ్లు పాడుకోవడం అన్నమాట. మరి ఎవరి బలవంతమూ లేకుండా, మనిషి తన వస్తువును తానే వేలానికి పెట్టడం ఎప్పుడు మామూలు సంగతైంది? కార్ల చరిత్రలో దీనికి జవాబు కొంత దొరుకుతుంది.

అమెరికాలో రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన 1945లో, పెన్సిల్వేనియా రాష్ట్రంలోని మన్‌హైమ్ అనే చిన్న ఊళ్లో కొందరు కార్ల వ్యాపారులు కలిసి పాత కార్ల వేలం మొదలుపెట్టారు. అక్కడ అప్పులవాళ్ల సొమ్ము కాదు, వ్యాపారులు తమ దగ్గర మిగిలిన కార్లనే ఒకరికొకరు అమ్ముకునేవారు. కారు వరుసలో ముందుకు వస్తుంది, పాటగాడు గబగబా ధర పలుకుతాడు, నిమిషంలో అమ్ముడుపోతుంది. కానీ కారును అక్కడిదాకా నడిపించుకుని పోవాలి. అమ్ముడుపోకపోతే మళ్లీ ఇంటికి నడిపించుకుని రావాలి.

ఈ కష్టం తీర్చింది జపాన్. 1980ల నడుమ అక్కడ ఆక్‌నెట్ అనే సంస్థ కారును కదిలించకుండానే వేలం వేయడం మొదలుపెట్టింది. పరీక్ష చేసే మనిషి కారు దగ్గరికే పోయి, చూసి, మార్కులు వేస్తాడు. బొమ్మలను డిస్కుల మీద ఎక్కించి వ్యాపారులకు పంపేవారు. తర్వాత ఉపగ్రహం ద్వారా పంపారు. వ్యాపారి తన దుకాణంలోనే కూర్చుని, తెర మీద చూసి, మీట నొక్కి పాట పాడేవాడు. అప్పటికి మామూలు మనుషుల చేతికి ఇంటర్నెట్ రాలేదు. మా ఇంటికి వచ్చిన పద్ధతి దాదాపు ఇదే. డిస్కు పోయి ఫోను వచ్చింది, అంతే.

1995లో అమెరికాలో పియెర్ ఒమిడ్యార్ అనే ఆయన ఇంటర్నెట్‌లో ఒక వేలం మొదలుపెట్టాడు. అక్కడ మొదట అమ్ముడైంది చెడిపోయిన లేజర్ పాయింటర్, ధర 14.83 డాలర్లు. అదే తర్వాత ఈబే అయింది. ముక్కూ మొహం తెలియనివాళ్లు ఒకరినొకరు ఎట్లా నమ్మాలి? అందుకని 1996లో, కొన్నవాళ్లు అమ్మినవాళ్ల గురించి మంచీ చెడూ రాసే ఏర్పాటు చేశారు. 2000లో కార్ల కోసం ఈబే మోటార్స్ వచ్చింది.

మన దేశంలో ఇది ఆలస్యంగా రావడానికి కారణం ఉంది. అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని రోజుల్లో కొత్త కారు కోసమే ఏళ్ల తరబడి ఎదురుచూడాలి. పాత కారుకు గిరాకీ వెతకాల్సిన పని లేదు. 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చింది. 1993లో కార్ల తయారీకి లైసెన్సు అక్కర్లేదన్నారు. రకరకాల కొత్త కార్లు వచ్చాయి, వాటి వెంట పాత కార్లూ పెరిగాయి. 2001లో మారుతి కంపెనీ తానే పాత కార్లు కొని అమ్మడానికి ట్రూ వాల్యూ దుకాణాలు తెరిచింది. బాజీ డాట్ కామ్ అనే మన దేశపు వేలం సంస్థను 2004లో ఈబే కొనుక్కుంది. అందరి చేతుల్లోకి స్మార్ట్ ఫోన్లు వచ్చాక కార్ల వేలం మా గల్లీ దాకా వచ్చింది.

ఇదంతా తాతకు చెప్తే అంతా విని, "అప్పులోడు అమ్మిస్తలేడు గదా? మనమే అమ్ముతున్నం గదా?" అని రెండుసార్లు అడిగాడు. "అవును తాతా, ధర నచ్చకుంటె ఇయ్యమని చెప్పొచ్చు" అన్నాను. "అట్లయితె చూద్దాం" అన్నాడు.

ఆదివారం పరీక్ష చేసే అన్న మోటారుసైకిల్ మీద వచ్చాడు. టైర్లు చూశాడు, బ్యాటరీ చూశాడు, ఇంజను చప్పుడు ఫోనులో రికార్డు చేశాడు. తర్వాత చిన్న పరికరం ఒకటి తీసి ప్రతి తలుపుకూ ఆనించాడు. అది రంగు ఎంత మందం ఉందో చెప్తుంది. కంపెనీ రంగు పలుచగా ఉంటుంది, తర్వాత వేయించిన రంగు మందంగా ఉంటుంది. దాన్ని ముందు వైపుకు ఇంకా తేకముందే, "యాక్సిడెంట్ ఏమన్నా అయిందా?" అని అడిగాడు. బాపు ఒక్క క్షణం ఆగాడు. ఆ ఆగడం నేను చూశాను. ఇంతలో అరుగు మీద నుంచి తాత, "అయింది. 2017ల. పండరిపురం తొవ్వల ట్రాక్టరుకు తాకింది. ముందుభాగం అంత కొత్తగ ఏపిచ్చినం" అన్నాడు. ఆ అన్న రాసుకున్నాడు. బాపు మొహం ఎర్రబడింది. ఆయన పోయినాక, "పది పదిహేను వేలు పాయె నాయినా" అన్నాడు. తాత జవాబు చెప్పలేదు.

ఇక్కడ ఒక అర్థశాస్త్రవేత్త సంగతి చెప్పాలి. జార్జ్ అకెర్లాఫ్ 1970లో పాత కార్ల బజారు మీద ఒక వ్యాసం రాశాడు. అమెరికాలో పైకి బాగుండి లోపల చెడిపోయిన కారును "నిమ్మకాయ" అంటారు. కారు ఎట్లాంటిదో అమ్మేవాడికి తెలుసు, కొనేవాడికి తెలియదు. అందుకని కొనేవాడు భయపడి ప్రతి కారుకూ తక్కువే చెప్తాడు. ఆ ధరకు మంచి కారున్నవాడు అమ్మడు. బజారులో నిమ్మకాయలే మిగులుతాయి. ధర ఇంకా పడిపోతుంది. అంటే దాచినవాళ్ల వల్ల నష్టం దాచనివాళ్లకు కూడా వస్తుంది. ఈ ఆలోచనకు ఆయనకు 2001లో నోబెల్ బహుమతిలో భాగం వచ్చింది. ఇది చదివినప్పుడు మా గల్లీ ఏజెంటు తొంభై అయిదు వేలే ఎందుకన్నాడో నాకు కొంచెం అర్థమైంది. ఆయన మమ్మల్ని ఏ ప్రశ్నా అడగలేదు. అన్నీ దాచి ఉంటామనే లెక్కతో ధర చెప్పాడు.

సోమవారం సాయంత్రం వేలం. అరగంట సమయం. బాపు మా సర్కారు పాట లక్షా ఇరవై వేలని పెట్టాడు. ఎనభై రెండు వేల దగ్గర మొదలైంది. డప్పు లేదు, ఒకటోసారి రెండోసారి లేదు, తెర మీద అంకె మారుతుంది, అంతే. ఎవరు పాడుతున్నారో తెలియదు. ఇరవై నిమిషాలకు లక్షా ఎనిమిది వేల దగ్గర ఆగిపోయింది. అక్క ఫోను వైపు చూడకుండా గోళ్లు కొరుక్కుంటూ కూర్చుంది. చివరి నాలుగు నిమిషాల్లో ఇద్దరు పోటీ పడి లక్షా ఇరవై ఒక్క వేలకు తెచ్చారు. అక్కడ ఆగింది. బాపు "సరే" నొక్కాడు. లాతూర్‌లో ఉన్న ఒక వ్యాపారి పాడుకున్నాడని తర్వాత తెలిసింది.

కారు తీసుకుపోయేటప్పుడు వాళ్ల మనిషి మళ్లీ ఒకసారి అంతా చూశాడు. రాసిన కాగితంలో ఉన్నదీ, కారులో ఉన్నదీ ఒకటే కాబట్టి పైసా తగ్గించలేదు. మా మామయ్య ఇంతకు ముందు ఇట్లాగే బండి అమ్మితే, చెప్పని మరమ్మతు ఒకటి చివర్లో బయటపడి ధర తగ్గించారు. తాత నిజం చెప్పడం వల్ల మాకు పదిహేను వేలు పోయాయా, మిగిలాయా అన్నది నాకు ఇప్పటికీ తెలియదు. బాపు పోయాయనే అంటాడు.

డబ్బు వచ్చినా అమ్మకం పూర్తయినట్టు కాదు. పేరు మారాలి. 1988 మోటారు వాహనాల చట్టం 50వ సెక్షన్ ప్రకారం, ఒకే రాష్ట్రంలో అమ్మితే అమ్మినవాడు 14 రోజుల్లో ఆర్టీవో ఆఫీసుకు తెలపాలి, కొన్నవాడు 30 రోజుల్లో తెలపాలి. దానికి 29, 30 నంబరు ఫారాలు ఉంటాయి. చేతులు మారి పేరు మారకపోతే ఏమవుతుందో 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. ఒక కారు వరుసగా చాలామంది చేతులు మారింది, ఆర్సీలో మొదటి పేరే ఉంది, చివరివాళ్ల దగ్గర ప్రమాదం జరిగింది. పరిహారం బాధ్యత ఆర్సీలో పేరున్నవాడిదే అన్నారు. ఆ తర్వాత ప్రభుత్వం కొత్త నియమాలు తెచ్చింది. 2023 ఏప్రిల్ 1 నుంచి, నమోదైన వ్యాపారికి బండి అప్పగించి ఆ సంగతి ప్రభుత్వ వెబ్‌సైటులో తెలిపితే, అప్పటి నుంచి బాధ్యత ఆ వ్యాపారిదే.

అమ్మిన పన్నెండు రోజులకు తాత పేరు మీద అతివేగం జరిమానా మెసేజీ వచ్చింది. తాత ఆ రాత్రి నిద్రపోలేదు. "నా పేరు మీద ఎవడో ఉరుకుతున్నడు" అన్నాడు. అప్పగించిన రోజు, గంట, నిమిషం రాసి సంతకాలు పెట్టిన కాగితం అమ్మ బియ్యం డబ్బా పక్కన దాచి ఉంచింది. అది చూపిస్తే వ్యాపారి జరిమానా కట్టాడు. ఆ రోజు నుంచి తాత పొద్దున్నే చాయ తాగుతూ నన్ను ఒకటే అడిగేవాడు, "పేరు మారిందా బిడ్డా?" అని. రోజూ బడికి పోయే ముందు ఫోనులో చూసి "ఇంకా లేదు తాతా" అని చెప్పేదాన్ని.

నలభై ఒకటో రోజు ఎం.హెచ్. 13తో మొదలయ్యే మా నంబరు కొడితే వేరే పేరు వచ్చింది. తాతకు చూపించాను. ఆయనకు ఇంగ్లీషు రాదు, అయినా కళ్లద్దాలు పెట్టుకుని చాలాసేపు చూశాడు. "ఇప్పుడు అయింది వేలం" అన్నాడు. అక్క అప్పటికే కాలేజీలో చేరింది.

మీ ఇంట్లో కూడా ఎప్పుడైనా పాత బండి అమ్మాల్సి వస్తే, ఉన్నది ఉన్నట్టు చెప్పండి, అప్పగించిన కాగితం భద్రంగా పెట్టుకోండి, పేరు మారేదాకా చూస్తూ ఉండండి. తాత దగ్గర నేను నేర్చుకున్నది ఇదే.